శివారు ఎకరం ప్రశ్నపత్రంలోకి: కోర్సు ఫలితాల్లో సుస్థిరత, ప్రాజెక్టు డైరీ

పని ఇదీ. గోదావరి డెల్టాలో, యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగు కోర్సుల సీవోలు, అంటే కోర్సు అవుట్‌కమ్‌లు, తిరగరాయాలి. సుస్థిరత సామర్థ్యాలు వాటిలో ఇమడాలి, ఇమిడినవాటికి మార్కులు పడాలి. సిలబస్ యూనివర్సిటీది, మార్చడానికి వీల్లేదు. పెద్ద పరీక్ష 70 మార్కుల పేపరు కూడా వాళ్లదే. మన చేతిలో ఉన్నవి 30 ఇంటర్నల్ మార్కులు, ల్యాబ్, ప్రాజెక్టు. అంతే.

వారం 1: ఏ కోర్సులు

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌ని ముందే పక్కన పెట్టాం. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల దగ్గర మొదలై, యూజీసీ మాడ్యూల్ మీదుగా అది ప్రతి డిగ్రీలోకీ వచ్చింది. మంచిదే. కానీ ఆ ఒక్క సబ్జెక్టు ఉంది కదా అని మిగతావన్నీ చేతులు దులుపుకున్నాయి. ఓజోన్ పొర గురించి రెండు పేజీలు రాసి పాసైన కుర్రాడే మూడో ఏడాదిలో కాలువ డిజైన్ చేస్తూ, కింద శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరన తడిసే పొలాలు, అనేది ఒకటుందన్న సంగతి తలవడు.

అందుకని డెల్టాతో నేరుగా పనిపడే కోర్సులు తీసుకున్నాం. సివిల్‌లో వాటర్ రిసోర్సెస్, కాంక్రీట్ టెక్నాలజీ. ఎలక్ట్రికల్‌లో ఇండక్షన్ మోటార్లున్న మెషీన్స్ పేపరు. కంప్యూటర్స్‌లో డేటాబేస్.

వారం 2: ఎన్ని సామర్థ్యాలు

యునెస్కో 2017లో తెచ్చిన అభ్యసన లక్ష్యాల పత్రంలో ఎనిమిది సామర్థ్యాలున్నాయి. ఐరోపా కమిషన్ 2022లో తెచ్చిన గ్రీన్‌కాంప్‌లో నాలుగు విభాగాల కింద పన్నెండు. రెండూ కలిపి వాడబోతే ఒకే విషయం రెండు పేర్లతో రెండు గళ్లలోకి వస్తుంది. ఎనిమిది ఉన్న జాబితానే పట్టుకున్నాం.

ఆ పేర్లని యథాతథంగా ఫ్యాకల్టీ ముందు పెడితే తలలూపుతారు, ఎవరి బుర్రలోకీ ఎక్కదు. అందుకే ఒక్కోదానికీ ఒక్కో డెల్టా ప్రశ్న జతచేశాం. వ్యవస్థగా చూడటం అంటే, ఎగువన తూము ఎత్తితే శివారులో ఏమవుతుంది? ముందుచూపు అంటే, ఈ డ్రైన్‌లోకి ఆటుపోటు నీరు ఇంకో కిలోమీటరు పైకి ఎక్కి వస్తే పదేళ్లలో ఏ ఊళ్లో ఏ పంట మిగులుతుంది? విలువల తర్కం అంటే, నీళ్లు చాలనప్పుడు మొదటి వంతు ఎవరిది, ఎందుకని? విమర్శనాత్మక ఆలోచనకి 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యకుండా ప్రకటించిన పంట విరామం బాగా పనికొస్తుంది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, మురుగు పారుదల అని కారణాలు పక్కపక్కనే ఉంటాయి. ఏది దేనికి కారణమో విద్యార్థి విడదీయాలి.

వ్యూహం, కలిసి పనిచేయడం, సమీకృత పరిష్కారం: ఈ మూడూ చివరి ఏడాది ప్రాజెక్టుకి వదిలాం. ఆత్మపరిశీలన మాత్రం ఎక్కడా పెట్టలేదు. దానికి మార్కులు వేస్తామంటే పిల్లలు మాస్టారికి నచ్చే మాటలు రాస్తారు. వాటితో ఏం కొలిచినట్టు?

నియమం: ఒక కోర్సుకి రెండు సామర్థ్యాలే. మూడోది కావాలన్నవాళ్లు ముందు దాని ప్రశ్నపత్రం చూపించాలి.

వారం 3: పీవో గళ్ల గందరగోళం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, ఫైళ్లన్నీ పాడుచేస్తుంది. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ పాత పద్ధతిలో ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు (పీవోలు, అంటే డిగ్రీ మొత్తం మీద రావాల్సినవి) 12, అందులో ఏడోది పర్యావరణం, సుస్థిరత. కొత్త పద్ధతిలో 11 మాత్రమే. సుస్థిరత ఇప్పుడు ఆరోదైన ‘ఇంజనీరు, ప్రపంచం’లో కలిసిపోయింది. ఏడో గడిలోకి నైతికత వచ్చింది. పాత ఎక్సెల్ షీటు కాపీ కొట్టి పైన ‘పీవో7’ అని అలాగే ఉంచితే, కాలువ వంతుల మీద వేసిన మార్కులన్నీ నైతికత ఖాతాలో జమవుతాయి. షీటులో ఎర్రర్ రాదు, కాబట్టి ఎవరికీ తెలియదు.

పరిష్కారం సులువే. గడి పైన అంకె తీసేసి పూర్తి పేరు రాయడం, బ్యాచ్‌కో షీటు వేరుగా పెట్టడం, పాతదాన్ని లాక్ చేయడం.

వారం 4, 5: సీవో రాయడం

ఎక్కువ కాలం తిన్నది ఇదే.

మొదటి చిత్తుప్రతుల్లో సగానికి సగం ‘అవగాహన కలుగుతుంది’తో ముగిశాయి. అవగాహన కలిగిందో లేదో ఏ ప్రశ్న అడిగి చూస్తారు? సీవో చివర ఉండాల్సింది విద్యార్థి కాగితం మీద చేసి చూపించే పని: లెక్కిస్తాడు, పోలుస్తాడు, ఎంచుకుంటాడు, సమర్థిస్తాడు. బ్లూమ్ స్థాయి, అంటే నేర్చుకోవడాన్ని ఆరు మెట్లుగా చూసే వర్గీకరణలో మెట్టు, ఈ క్రియలోంచే వస్తుంది. సుస్థిరతకి సంబంధించినవి చాలావరకు నాలుగు, ఐదు స్థాయుల్లో పడతాయి, అంటే విశ్లేషణ, మూల్యాంకనం.

రెండో తప్పు దీనికి ఎదురు. ఒకే వాక్యంలో నాలుగు క్రియలు. ‘నీటి అవసరం లెక్కించి, వంతుల పట్టిక తయారుచేసి, నష్టం పోల్చి, సమర్థించగలడు’ అని రాస్తే, లెక్క చేసి అక్కడే ఆగిపోయినవాడికి ఎన్ని మార్కులు? ఒక సీవోకి ఒకే ప్రధాన క్రియ. మిగిలినది ఇంకో సీవో.

వాటర్ రిసోర్సెస్‌లో చివరికి తేలిన జత:

సీవో3: ఇచ్చిన పంటకాలువకి సార్వా, దాళ్వా (రబీ వరి) నీటి అవసరం లెక్కిస్తాడు.

సీవో4: సరఫరా తగ్గినప్పుడు ఎగువ, శివారు ఆయకట్లకి కనీసం రెండు పంపిణీ పద్ధతులు పోల్చి, ఒకదాన్ని కారణాలతో సమర్థిస్తాడు.

ఈ రెండింటి మధ్య తేడా ఒక్క లెక్కలో తెలుస్తుంది. డెల్టా = 8.64 × బేస్ పీరియడ్ ÷ డ్యూటీ. బేస్ పీరియడ్ అంటే పంటకి నీళ్లు పెట్టే రోజులు, డ్యూటీ అంటే ఒక క్యూమెక్కు (సెకనుకి ఒక ఘనమీటరు) నీరు తడిపే హెక్టార్లు. (ఇక్కడ డెల్టా అంటే పంట మొత్తం కాలానికి పొలానికి ఇచ్చే నీటి మొత్తం లోతు, మీటర్లలో. మన ఊళ్లున్న డెల్టా వేరు. ఏటా మొదటి క్లాసులో ఈ తికమక తప్పదు.) బేస్ పీరియడ్ 120 రోజులు, డెల్టా 1.2 మీటర్లు అనుకుంటే డ్యూటీ క్యూమెక్కుకి 864 హెక్టార్లు. కాలువలో 5 క్యూమెక్కులుంటే 4,320 హెక్టార్లు తడుస్తాయి. పాత ప్రశ్న ఇక్కడితో అయిపోయేది, కింద గీత గీసి జవాబు రాసేవాళ్లు.

కొత్త ప్రశ్న మరుసటి లైనులో మొదలవుతుంది. సరఫరా 20% తగ్గింది, 4 క్యూమెక్కులే ఉన్నాయి. 3,456 హెక్టార్లకే సరిపోతాయి. మిగతా 864 హెక్టార్లు, అంటే సుమారు 2,135 ఎకరాలు, ఎవరివి? మొదటి దారి: అందరికీ సమానంగా కోసి 1.2కి బదులు 0.96 మీటర్లు ఇవ్వడం. రెండో దారి: వంతులవారీగా రోజులు మార్చడం. పిల్లలకి తట్టని మూడో దారి ఒకటుంది: పట్టికంటూ ఏదీ వేయకపోవడం. అప్పుడు ఎగువవాళ్లు ఎప్పటిలాగే తూములెత్తుతారు, ఆ 2,135 ఎకరాలూ శివారులోనే తేలతాయి. ఈ మూడో దారిని ప్రశ్నలోనే ఇవ్వకూడదని నిర్ణయించాం. దాన్ని సొంతంగా రాసినవాడు వ్యవస్థని చూసినట్టే.

సిలబస్‌లో ఒక్క అక్షరం మారలేదు. డ్యూటీ, డెల్టా ముందునుంచీ ఉన్నవే.

కాంక్రీటు. మొదట ‘కర్బన ఉద్గారం తగ్గేలా మిక్స్ డిజైన్ చేస్తాడు’ అని రాశాం. ట్రయల్ అసైన్‌మెంటులో ఇది బెడిసికొట్టింది. సిమెంటు తగ్గించడమే లక్ష్యమనుకుని ఎడాపెడా తగ్గించేశారు. అంతర్వేది తీరంలో కట్టే భవనానికి అలా కుదరదు. ఐఎస్ 456:2000 ప్రకారం తీరప్రాంత వాతావరణం ‘సివియర్’ తరగతి. ఆర్‌సీసీకి కనీసం ఎం30 గ్రేడు బలం, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, ఘనమీటరుకి సిమెంటు 320 కిలోలకి తగ్గకూడదు, ఊచ మీద కవర్ 45 మిల్లీమీటర్లు. ఉప్పుగాలికి ఊచ తుప్పుపట్టి స్లాబు ముందుగానే రాలిపోతే, మొదట మిగిలిన సిమెంటు కాస్తా మరమ్మతులో పోతుంది.

తిరగరాసింది: ‘తీరప్రాంత మన్నిక షరతులకి లోబడి, రెండు మిక్స్‌లలో సిమెంటు వినియోగాన్ని పోలుస్తాడు.’ అప్పుడు జవాబు ఫ్లైయాష్ వైపు, అంటే థర్మల్ కేంద్రాల బూడిద వైపు, తిరుగుతుంది. ఆ 320 కిలోల పరిమితిలో ఫ్లైయాష్‌ని కూడా లెక్కించుకోవచ్చు, 35% దాటనంతవరకు. 380 కిలోల బైండరులో (సిమెంటు, ఫ్లైయాష్ కలిపి) 30% ఫ్లైయాష్ వేస్తే 114 కిలోల సిమెంటు మిగులుతుంది. బూడిద ఎక్కడినుంచి రావాలి, ఇబ్రహీంపట్నం నుంచా, పరవాడ నుంచా, లారీ డీజిలెంత అన్నది రెండు మార్కుల ఉపప్రశ్న. ఇసుక ర్యాంపుల సంగతి కూడా కలపాలని చర్చ వచ్చింది. ఒక్క ప్రశ్నలో అన్నీ పట్టవని వదిలేశాం.

మెషీన్స్ పేపరు అనుకున్నదానికంటే తేలిగ్గా కుదిరింది, కారణం రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు. 1.5 కిలోవాట్ల, నాలుగు పోల్ మోటారుకి ఐఈ1 తరగతిలో ఎఫిషియెన్సీ 77.2%, ఐఈ3లో 85.3%. పూర్తి లోడు మీద ఇన్‌పుట్ తేడా 0.18 కిలోవాట్ల పైచిలుకు. రాత్రికి 12 గంటలు, 120 రోజుల పంట అనుకుంటే ఒక్క ఏరేటరుకి సుమారు 265 యూనిట్లు. దీని తర్వాత అడగాల్సింది అసలు ప్రశ్న: రీవైండింగ్ చేయించిన మోటారు ఎఫిషియెన్సీ నేమ్‌ప్లేటు మీద ఉన్నదేనా? ల్యాబ్‌లో నో లోడ్, బ్లాక్డ్ రోటర్ టెస్టులు ఎలాగూ చేస్తారు. పాత మోటారు ఒకటి తెచ్చి దాని మీదే చేయించాలి.

డేటాబేస్ కోర్సుని ఈ వారమే వదిలేశాం. టేబుల్‌లో ఉద్యోగి బదులు రైతు, డిపార్టుమెంటు బదులు సర్వే నంబరు అని పెట్టినంత మాత్రాన నార్మలైజేషన్ (డేటాని పట్టికలుగా విడదీసే పద్ధతి) సుస్థిరత అయిపోదు. ఆ కోర్సు ఆ కోర్సులాగే బాగుంది. నాలుగు మూడయ్యాయి.

వారం 6: 3, 3, 3

ఏ సీవో ఏ పీవోకి ఎంత తోడ్పడుతుందో 1 నుంచి 3 అంకెల్లో చూపే మ్యాపింగ్ పట్టిక నింపమంటే అన్ని గళ్లలోనూ 3 వేసుకొచ్చారు. ఎందుకంటే 1 వేస్తే లోటు బయటపడుతుందని భయం. నిజానికి నష్టం చేసేది ఆ దొంగ 3. ఒక నమూనా లెక్క: వంతుల పట్టిక సీవో4కి మ్యాపింగ్ 3, పిల్లలు సాధించిన స్థాయి (అదీ 3కే) 1. ఉత్త లెక్కల సీవో3కి సుస్థిరతతో సంబంధం లేకపోయినా 3 వేశారు, అక్కడ సాధించిన స్థాయి 3. సగటు (3×1 + 3×3) ÷ 6 = 2. సీవో3ని తీసేస్తే వచ్చేది 1. అంటే ఫలితం రెట్టింపై కూచుంది, కాగితం మీద లోటు మాయమైంది. వచ్చే ఏడాది ఏం సరిదిద్దాలో ఎవరికీ తెలియదు.

పెట్టుకున్న నియమం: ఆ పీవోకి సాక్ష్యంగా నిలిచే ప్రశ్న నంబరు గడిలో రాయగలిగితేనే అంకె. లేకపోతే గీత. ఈ ఒక్క నియమంతో పట్టిక సగం ఖాళీ అయింది. ఉండాల్సింది అలాగే.

వారం 7: రూబ్రిక్

ఆబ్జెక్టివ్ బిట్లతో ఈ సామర్థ్యాలు కొలవలేం. డిస్క్రిప్టివ్‌లో ఒక ప్రశ్న, అసైన్‌మెంటు 5 మార్కులు: ఇవే చోట్లు.

మొదటి రూబ్రిక్‌లో, అంటే మార్కులు వేసే కొలబద్దలో, ‘లోతైన విశ్లేషణ: 5, ఓ మోస్తరు విశ్లేషణ: 3’ అని ఉంది. ఒకే పది కాగితాలు ఇద్దరు విడివిడిగా దిద్దితే, ఒకరి ‘లోతు’ ఇంకొకరికి ‘ఓ మోస్తరు’. చేతిరాత బాగున్నది, పేజీలు ఎక్కువున్నది లోతుగా కనిపిస్తుంది. లెక్కపెట్టగలిగేలా మార్చాం. ఒక ప్రభావమే రాస్తే 1. ఒకదానికొకటి గొలుసుగా రెండు ప్రభావాలకి 2. ఆ గొలుసులో నష్టపోయేదెవరో చెబితే 3. గొలుసు తిరిగి మొదటి చోటికి వచ్చి దాన్నే పెంచుతోందని చూపిస్తే 4. ఎక్కడ తెంచొచ్చో చెబితే 5.

దిద్దేవాళ్లకి ఇచ్చిన నమూనా జవాబు భీమవరం, ఆకివీడు వైపు ఎవరికైనా తెలిసినదే. వరిచేల మధ్య ఒకరు రొయ్యల చెరువు తవ్వారు. గట్టు కింద నుంచి ఉప్పునీటి ఊట పక్క చేలోకి దిగింది. చేను చౌడుబారి దిగుబడి పడిపోయింది. గత్యంతరం లేక ఆ రైతూ చేనుని చెరువుకి లీజుకిచ్చాడు. ఇప్పుడు ఊట ఆ పక్క చేనుకి. ఎక్కడ తెంచాలి? చుట్టూ ఊట కాలువ తవ్వించడం, చెరువులన్నీ ఒకే బ్లాకులో ఉంచడం, వదిలిన నీరు పంట బోదెలోకి రాకుండా డ్రైన్‌కి మళ్లించడం. వీటిలో ఏది రాసినా మార్కులే, కారణం ఉంటే.

ఈ రూబ్రిక్‌తో అవే కాగితాలు మళ్లీ దిద్దితే తేడాలు చాలావరకు ఒక మార్కు లోపలికి వచ్చాయి. నాలుగుకీ ఐదుకీ మధ్య తగువు ఇంకా ఉంది.

వారం 8, 9: బయటి పని

ఆరు బృందాలు, ఒక్కోదానికి ఒక ఈసీ మీటరు (నీటి విద్యుత్ వాహకతని, అంటే కండక్టివిటీని కొలిచి ఉప్పదనం చెప్పేది), అర లీటరు సీసాలు నాలుగు, మూత బిగుతుగా ఉన్నవి, మార్కరు, థర్మామీటరు. సీసా ఒకటి ఎగువ లాకు దగ్గర, ఒకటి కాలువ మధ్యలో, ఒకటి శివారులో, ఒకటి మురుగు డ్రైన్‌లో. బయల్దేరేముందు మీటర్లన్నీ 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో క్యాలిబ్రేట్ చేయాలి. చవక టీడీఎస్ మీటర్లు వద్దు. అవి కొలిచేది కండక్టివిటీనే, లోపల 0.5 నుంచి 0.7 మధ్య ఏదో ఒక గుణకంతో హెచ్చించి చూపిస్తాయి. రెండు కంపెనీల మీటర్లు ఒకే సీసాకి రెండు అంకెలు చెబుతాయి, పిల్లలు మధ్యాహ్నం దాకా కొట్టుకుంటారు.

తప్పులు జరిగేవి ఇక్కడ:

నీటి ఈసీ, మట్టి ఈసీ కలిపేయడం. వరికి మట్టి సారంలో మీటరుకి 3 డెసీసీమెన్స్ దాటాక, ప్రతి ఒక్క యూనిట్‌కీ దిగుబడి 12% చొప్పున తగ్గుతుందని లెక్క. మట్టిలో 5 ఉంటే దిగుబడి 76%. డ్రైన్ నీటిలో కొలిచిన 3ని తిన్నగా ఇందులో వేస్తే నష్టం సున్నా వస్తుంది. వాడుకలో ఉన్న అంచనా ప్రకారం నీటి ఈసీని 1.5తో హెచ్చిస్తే మట్టి ఈసీ. అంటే 4.5, దిగుబడి 82%. ఆయిల్ ఇంజను పెట్టి డ్రైన్ నీళ్లు తోడుకునే శివారు రైతుకి ఆ 18% చిన్నది కాదు.

ఆటుపోటు సమయం రాయకపోవడం. సముద్రానికి దగ్గరి డ్రైన్లలో పోటు మీద తీసిన సీసా, ఆటు మీద తీసిన సీసా రెండు వేరు కాలువలవిలా ఉంటాయి.

చెరువులో కరిగిన ఆక్సిజన్‌ని పగలు 11 గంటలకి కొలవడం. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, అంకె దివ్యంగా ఉంటుంది, ‘చెరువు ఆరోగ్యంగా ఉంది’ అని రిపోర్టు. అసలు కష్టం తెల్లవారుజామున. రాత్రంతా అన్నీ పీల్చుకోవడమే కానీ వదిలేది ఉండదు, ఏరేటర్లు రాత్రి తిరిగేది అందుకే. కాలేజీ బస్సు తెల్లవారుజాము నాలుగింటికి నడవదు కాబట్టి, చెరువు కాపలాదారుల దగ్గరుండే రాత్రి రీడింగుల పుస్తకం అడిగి తీసుకుంటున్నాం. ఆక్సిజన్‌ని రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిలో చేసేవాళ్లు మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు గట్టు మీదే కలపాలి. సీసా ల్యాబ్‌కి తెచ్చి కలిపితే అది ల్యాబ్ నీటి కొలత.

భద్రత: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే లంకలు, ఏటిగట్ల వైపు పని ఆపాలి. 13.75 దగ్గర రెండోది వస్తే బయటి పని మొత్తం ఆపాలి. ఇది అనుమతి పత్రంలోనే రాయించాం. వానపడిన మర్నాడు కూడా సీసాలు తీయకూడదు, ఉప్పు పలచబడి అంకెలు అబద్ధం చెబుతాయి.

వారం 10: పెద్ద పరీక్షతో చిక్కు

యూనివర్సిటీ నుంచి ప్రశ్నవారీ మార్కులు రావు, మొత్తమే వస్తుంది. అందువల్ల చాలాచోట్ల ఆ మొత్తం నుంచి వచ్చిన స్థాయినే సీవోలన్నిటికీ అతికిస్తారు. సీవో4 మీద ఒక్క ప్రశ్నా రాకపోయినా 70 మార్కుల వాటా దానికీ పడిపోతుంది. ఇంటర్నల్‌లో 60 మందిలో 33 మంది మేం పెట్టుకున్న మార్కుల గీత దాటితే 55%, మా కొలమానంలో స్థాయి 1. పైనుంచి వచ్చిన అంకె దాన్ని 2 దాటించేస్తుంది.

ఫార్ములా మార్చలేం. సుస్థిరత సీవోలకి ఇంటర్నల్ స్థాయిని పక్కన ఇంకో గడిలో విడిగా చూపిస్తున్నాం. తర్వాతి ఏడాది దిద్దుబాటుకి ఆ గడినే చూడాలి.

వారం 11: బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి పంపేది

సిలబస్ ఖరారుచేసే ఈ బోర్డుని ఒకటే కోరాం: వాటర్ రిసోర్సెస్‌లో మూడు పీరియడ్లు. కొత్తగా ఇవ్వమనలేదు. కాలువ డిజైన్‌కి వాడే కెన్నెడీ సిద్ధాంతంలో ట్రయల్ అండ్ ఎర్రర్ లెక్కలు ఒకటికి తగ్గించి ఆ పీరియడ్లు ఇటు తిప్పమన్నాం. పంజాబు కాలువల మీద పుట్టిన ఆ సిద్ధాంతానికి ఒక ఉదాహరణ చాలు, అదే పనికి లేసీ సిద్ధాంతం ఎలాగూ ఉంది. దీనికి అభ్యంతరం వస్తుందని తెలుసు. పాత ప్రశ్నపత్రాల్లో కెన్నెడీ ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక జతచేశాం, ఎందుకంటే మొదట అడిగేది అదే.

మిగిలినవి

పాత మోటారు దొరికింది, బేరింగులు మార్చాలి. రూబ్రిక్‌లో నాలుగు, ఐదు మధ్య గీత ఇంకోసారి రాయాలి. దాళ్వా అయిపోయి ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు కట్టేశాక అడుగు బయటపడుతుంది. లస్కర్లని (కాలువ, తూములు చూసుకునే సిబ్బందిని) అడిగి రెండుచోట్ల కాలువ కొలతలు తీసి, డిజైన్ కొలతలతో పోల్చాలి. పూడిక ఎంత మేరకు శివారు నీటిని మింగుతోందో ఆ తేడాతో లెక్కకట్టే ప్రశ్న వచ్చే సెమిస్టరు సీవో4 కింద రెండోది అవుతుంది. కొలిచే టేపు 50 మీటర్లది కావాలి, 30 మీటర్లది చాలలేదు.